మెదక్ చెరువుకు ఉత్తర ధ్రువపు అతిథులు

మెదక్ పట్టణం అనగానే మన సంఘముల వారందరికీ మొదట కన్నులకు కట్టేది ఆ రాతి దేవాలయమే. 175 అడుగుల గోపురం, రంగు అద్దాల కిటికీలు, క్రిస్మసు నాటి జనసందోహం తెలియని విశ్వాసుల కుటుంబం మన ప్రాంతంలో అరుదు. 2024 డిసెంబరు 25తో ఆ మందిరమునకు నూరేండ్లు నిండాయి. 2022 నుండి పట్టణానికి రైలు కూడా వస్తున్నది. అయితే దేవాలయమును చూచి, ఖిల్లా ఎక్కి తిరుగు ప్రయాణం కట్టేవారిలో చాలామందికి ఒక సంగతి తెలియదు. అక్కడికి 15 కిలోమీటర్ల దూరంలో ప్రతి చలికాలమూ ఇంకొక యాత్రికుల సమూహం దిగుతుంది. వారికి టిక్కెట్టు లేదు, సామాను లేదు. కొందరు హిమాలయముల అవతలి నుండి వస్తారు. కొందరైతే సైబీరియా ఉత్తరపు కొసన, మంచు సముద్రపు ఒడ్డు నుండి వస్తారు.

గడచిన చలికాలంలో మా సంఘ యౌవనస్థులు కొందరిని వెంటబెట్టుకొని ఆ యాత్రికులను చూడటానికి మేము పోచారం చెరువుకు వెళ్ళాము. అక్కడ చూచినవీ, విన్నవీ, తరువాత చదివి తెలుసుకొన్నవీ పాఠకులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కరువు కాలపు కట్టడములు

మెదక్ దేవాలయం కరువులో లేచిన కట్టడమని మన పెద్దలు చెప్పగా విన్నాము. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ రోజులలో ఈ ప్రాంతమంతా వానలు లేక అల్లాడుతున్నప్పుడు, మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఆకలితో ఉన్నవారికి ఊరికే అన్నం పెట్టడం కంటె పని చూపి అన్నం పెట్టడం మేలని తలంచి ఆ నిర్మాణం చేపట్టారు. 1914లో మొదలైన పని 1924లో ప్రతిష్ఠతో ముగిసింది.

సరిగ్గా ఆ పదేండ్లలోనే, 1916-1922 మధ్య, నిజాం ప్రభుత్వం వారు ఆలేరు వాగుకు అడ్డంగా పోచారం వద్ద కట్ట కట్టించారు. ఒకటి ఆరాధనకు, ఒకటి సేద్యానికి కట్టినవే అయినా రెండూ ఒకే రాతి నేలలో, ఒకే కాలంలో లేచాయి. వానను నమ్ముకొని బ్రతికే ప్రజలకు వాన తప్పితే ఏమవుతుందో ఈ రెండు కట్టడములూ ఇప్పటికీ చెబుతూనే ఉన్నాయి.

చెరువు పేరు మీదనే పోచారం అభయారణ్యం ఏర్పడింది. ఒకప్పుడు అది నిజాం నవాబుల వేటస్థలం. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవి ఇప్పుడు మెదక్, కామారెడ్డి జిల్లాలు రెంటిలోనూ ఉన్నది. చుక్కల జింకలు, మనుబోతులు, ఎలుగుబంట్లు అక్కడ ఉన్నాయి. మేము మాత్రం నీటి పక్షుల కొరకే వెళ్ళాము.

తెల్లవారుజామున చెరువు

మెదక్ నుండి చీకటితోనే బయలుదేరితేనే పక్షులు బాగా కనిపిస్తాయని తెలిసినవారు ముందే చెప్పారు. ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద చలికి శాలువాలు కప్పుకొని మేము చేరేసరికి నీటి మీద పొగమంచు ఇంకా లేవలేదు. ముందు చప్పుడు వినిపించింది, తరువాత పక్షి కనిపించింది. దూరాన ఎవరో పాత హారన్లు నొక్కుతున్నట్లుగా ముక్కుతో పలికే అరుపు. పొగ విడిపోగానే చూస్తే నీటి అంచున బూడిద రంగు బాతులు, తెల్లని తల వెనుక రెండు నల్లని అడ్డచారలతో వరుసగా నిలిచి ఉన్నాయి. ఇంగ్లీషులో వీటిని బార్ హెడెడ్ గూస్ అంటారు. మనం చారతల బాతులు అనుకొందాము.

ఇంకొంచెం లోపల, మన పాత కవులు చక్రవాకములనీ జక్కవలనీ పిలిచిన కాషాయరంగు బాతులు జంటలుగా ఉన్నాయి. నత్తలను ఒలిచి తినే కొంగలు లోతు తక్కువ నీటిలో నిలుచున్నాయి. ఇవి ఈ దేశపు పక్షులే. నీరు వెనక్కు తీసిన బురదమీద మాత్రం పిచ్చుకంత పిట్టలు కొన్ని కుట్టుమిషను సూదిలాగా ముక్కును టకటకా బురదలో గుచ్చుతూ పరుగులు తీస్తున్నాయి. మా పిల్లలలో ఒకరు, "ఇవి ఊరపిచ్చుకలే గదా!" అన్నారు. కాదు. ఇవి లిటిల్ స్టింట్ అనే ఉల్లంకి జాతి పిట్టలు. ఒక్కొక్కటి తూకం వేస్తే మామూలుగా ముప్పై గ్రాములు మించదు. ఇవి గుడ్లు పెట్టేది చెట్టు కూడ మొలవని ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచుభూములలో.

వలవేసి తెప్పమీద తిరిగివచ్చిన ఒక పెద్దాయన మమ్మును చూచి ఆగాడు. "ఎన్నేండ్ల నుంచి చూస్తున్నావు తాతా ఈ పక్షులను?" అని అడిగాము.

"నా చిన్నప్పటి సంది చూస్తున్న అయ్యగారూ. సంకురాత్రికి ముందు దిగుతయి. ఎండలు ముదిరితె ఒక్కటి కనబడది. యాడికి పోతయో మాకేమెరుక? ఇప్పుడు నీళ్ళే ఒక లెక్కకు వస్తలేవు, పక్షులొక లెక్కకు ఎట్ల వస్తయి?"

ఆయన అన్న ఆ చివరి మాట చాలా రోజులు మాతో ఉన్నది. పక్షుల ప్రయాణమును గురించి చదివిన కొద్దీ దానిలో ఎంత నిజమున్నదో అర్థమైంది.

వారు వచ్చే దారి

చారతల బాతులు మంగోలియా, టిబెట్టు, మధ్య ఆసియాలోని ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలను చేస్తాయి. మంగోలియాలో శాస్త్రజ్ఞులు మెడకు ఆకుపచ్చ పట్టీలు తొడిగిన బాతులు కొన్ని మన పొరుగున కర్ణాటక చెరువులలో కనిపించాయి. వీపున చిన్న యంత్రములు కట్టి వాటి దారిని కొలిచినప్పుడు, ఒక బాతు 7,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరినట్లు తేలింది. అంత ఎత్తున మనకు ఊపిరి ఆడదు. ఉన్న కొద్ది ప్రాణవాయువును గట్టిగా పట్టుకొనే గుణం ఈ బాతు రక్తమునకు ఉన్నది. గాలి చల్లగా, దట్టంగా ఉండే రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా ఎగురుతుంది. తల్లి, తండ్రి, పిల్లలు ఒక్క కుటుంబంగా వస్తాయి. పిల్లలు పెద్దల వెంట ఎగిరి దారి నేర్చుకొంటాయి.

స్టింట్ పిట్ట కథ వేరు. మంచుభూములలో వేసవి రెండు నెలలే. మంచు కరిగిన వెంటనే నేలమీద దోమలు, పురుగులు కోట్లకొలది లేస్తాయి. గుడ్డు పగిలిన రోజునుండే పిల్ల తన కాళ్ళమీద పరుగెత్తి ఆ పురుగులను తిని బ్రతకాలి. పిల్లలు ఎదుగుతుండగానే పెద్దలు ముందు దక్షిణానికి బయలుదేరుతాయి. తరువాత కొన్ని వారములకు పిల్లలు తమంతట తామే, తాము ఎన్నడూ చూడని దేశానికి వేల కిలోమీటర్లు ఎగిరివస్తాయి. పోచారం బురద మీద మేము చూచిన పిట్టలలో కొన్ని అలా వచ్చినవే అయి ఉండవచ్చు.

ఉత్తరాన మారుతున్నది ఏమి?

1979 నుండి లెక్క వేస్తే ఉత్తర ధ్రువ ప్రాంతం మిగతా భూమికంటె సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో ప్రకటించిన ఒక పరిశోధన తెలిపింది. తెల్లని మంచు సూర్యుని వేడిని వెనక్కు పంపుతుంది. మంచు కరిగి నల్లని నీరు, నేల బయటపడితే అవి వేడిని త్రాగుతాయి. అందుచేత కరిగిన కొద్దీ ఇంకా కరుగుతుంది.

దీనివలన అక్కడి సముద్రపు పక్షులకు ఏమయిందో రెండు సంగతులు చెబుతాము. అలాస్కా ఉత్తరపు కొసన కూపర్ ద్వీపమనే చిన్న ఇసుక దిబ్బ ఉన్నది. అక్కడ గిల్లిమాట్ అనే నల్లని సముద్రపు పక్షులను జార్జ్ డివోకీ అనే శాస్త్రజ్ఞుడు 1975 నుండి ప్రతి వేసవీ లెక్కపెడుతూ వచ్చాడు. 1980ల చివర 200 జతలకు పైగా గూళ్ళు కట్టాయి. ఈ పక్షులు తమ పిల్లలకు తినిపించేది మంచు అంచున తిరిగే ఒక చేపను. మంచు ఒడ్డుకు దూరంగా జరిగిన కొద్దీ ఆ చేప కూడా దూరమైంది. మంచు లేక వేట దొరకని ధ్రువపు ఎలుగుబంట్లు 2002 నుండి ద్వీపానికి వచ్చి గూళ్ళలోని పిల్లలను తినసాగాయి. డివోకీ ఎలుగుబంటి తెరవలేని పెట్టెలు తెచ్చి గూళ్ళుగా అమర్చాడు. ఆ పెట్టెలు ఎలుగుబంటి నుండి కాపాడగలిగాయి గాని ఆకలి నుండి కాపాడలేకపోయాయి. ఆ జతలు ఇటీవల కొన్ని పదులకు పడిపోయాయి.

రెండవది ఇంకా పెద్దది. 2014 నుండి 2016 వరకు అలాస్కాకు దక్షిణాన సముద్రం మామూలుకంటె వేడెక్కింది. మర్ అనే సముద్రపు పక్షులకు చేపలు దొరకలేదు. సుమారు 62,000 కళేబరములు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. నిజానికి చనిపోయినవి దాదాపు 40 లక్షలని, అంటే అలాస్కాలోని ఆ జాతి పక్షులలో సగమని 2024లో లెక్క తేల్చారు. అంత పెద్ద చావు తుపాకితో రాలేదు, విషంతో రాలేదు. నీరు వెచ్చబడటం వలన వచ్చింది.

ఇవి మన చెరువుకు వచ్చే పక్షులు కావు. అయితే మన స్టింట్ పిట్టకు దగ్గరి చుట్టం ఒకటి ఉన్నది. దాని పేరు రెడ్ నాట్. సైబీరియాలోని తైమీర్ ప్రాంతంలో పుట్టి, ఆఫ్రికాలోని మారిటానియా తీరానికి చలికాలంలో పోతుంది. తైమీరులో మంచు ముందుగా కరుగుతున్నందువలన పురుగులు ముందే లేచి ముందే పోతున్నాయి. పిల్లలు పుట్టేసరికి పంట కోసిన చేనులాగా ఉంటుంది. చాలినంత తిండిలేక అవి చిన్నవిగా, పొట్టి ముక్కుతో ఎదుగుతున్నాయని 2016లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మరి ఆఫ్రికా తీరంలో వాటి తిండి అయిన గుల్లలు లోతైన బురదలో ఉంటాయి. పొట్టి ముక్కు అక్కడికి చేరదు. అందువలన పుట్టినచోట పడిన దెబ్బకు పక్షి చచ్చేది వేల కిలోమీటర్ల అవతల, వేరే దేశంలో. మారిటానియా బెస్తవాడు, "పక్షులు ఎందుకు తగ్గినవి?" అని తన తీరమంతా వెదకినా కారణం అక్కడ దొరకదు.

యిర్మీయా ప్రవక్త తన గ్రంథం 8వ అధ్యాయంలో కొంగకూ గువ్వకూ తమ రాకపోకల కాలములు తెలుసునని చూపి తన ప్రజలను గద్దించిన సంగతి మనకు తెలిసినదే. పక్షికి ఆ తెలివి ఇప్పటికీ పోలేదు. అది పగటి పొడవును చూచి, తన కాలమున తాను బయలుదేరుతూనే ఉన్నది. అయితే అది చేరే చోట ఋతువు దానికోసం ఆగడం లేదు.

మన వైపు మారుతున్నది ఏమి?

ఇప్పుడు ఆ పెద్దాయన అన్న నీటి లెక్కకు వద్దాము. 2015-16 కరువులో మంజీర నది మీది సింగూరు జలాశయం అడుగంటి, అక్కడినుండి హైదరాబాదుకు పోయే త్రాగునీరు నిలిచిపోయింది. పదేండ్లు తిరగకమునుపే, 2025 ఆగస్టు చివరివారంలో, మెదక్, కామారెడ్డి జిల్లాల మీద ఆకాశం చిల్లుపడినట్లు వాన కురిసింది. నూరేండ్లు దాటిన పోచారం కట్ట మీదికి, దానిని కట్టినవారు ఊహించిన దానికంటె ఎక్కువ వరద వచ్చింది. కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ గ్రామముల వారిని ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. మత్తడి పక్కన నేల మాత్రం కోసుకుపోయింది.

ఒకే ప్రాంతంలో కరువూ వరదా రెండూ ఎందుకు పెరుగుతాయని మా పిల్లలు అడిగారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఆ గాలి నేలనుండి తేమను ఎక్కువగా పీల్చుతుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా క్రుమ్మరిస్తుంది. వాన కురిసే దినములు తగ్గి, కురిసిన దినమున కుండపోత అవుతుంది. రైతుకు కావలసింది ఈ రెండూ కాదు. పక్షికి కావలసిందీ ఈ రెండూ కాదు.

ఎందుకంటే చెరువులో ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క లోతు కావాలి. బాతుకు తేలడానికి నీరు కావాలి. కొంగకు మోకాటి లోతు చాలు. స్టింటు పిట్టకు నీరు మెల్లగా వెనక్కు తీస్తూ ప్రతి దినమూ కొత్త తడి బురద బయటపడాలి. మన పాత చెరువుల పద్ధతి అదే. వానాకాలంలో నిండి, యాసంగి పైరుకు తూము ద్వారా నీరు పోతూ, మాఘమాసం నాటికి శిఖం భూమి మెల్లగా తేలుతుంది. ఎవరూ పక్షుల కొరకని చెరువులు కట్టలేదు. అయినా రైతు నీటిని వాడే తీరు పక్షికి భోజనపు బల్ల అయింది. చెరువు ఎండినా, నిండి కదలకుండా ఉన్నా, శిఖం కబ్జా అయినా ఆ బల్ల లేదు.

సముద్రపు టర్న్ పక్షులకు చుట్టమైన రివర్ టర్న్ అనే తెల్లని పక్షి మన నదులలో, జలాశయములలో ఉన్నది. అది వలసపోదు. నీటి నడుమ ఇసుక దిబ్బ మీద, బండ మీద వేసవిలో గుడ్లు పెడుతుంది. నీరు అకస్మాత్తుగా పెరిగితే గుడ్లు మునుగుతాయి. మరీ తగ్గితే దిబ్బ ఒడ్డుకు కలిసి కుక్కలు వస్తాయి. మంచు సముద్రపు ద్వీపంలో ఎలుగుబంటి చేసే పనిని ఇక్కడ ఊరకుక్క చేస్తుంది.

రైతు అడిగిన ప్రశ్న

తిరిగి వచ్చేటప్పుడు కట్ట దిగువన ఒక రైతు సోదరుడు మాతో మాట కలిపాడు. పక్షుల కొరకు వచ్చామనగానే ఆయన ముఖం కొంచెం ముడిచి, "మీకు చూడ చక్కగ ఉంటయి. రాత్రి నా మడిల దిగి నారు తొక్కి తింటే నాకెవరిస్తరు అయ్యగారూ?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే. చారతల బాతు గడ్డి, లేతపైరు మేసే పక్షి. పగలు నీటిమీద విశ్రమించి రాత్రి పొలాలలో దిగుతుంది. అప్పుచేసి నారు పోసినవానికి అది అతిథి ఎలా అవుతుంది? మేము ఆయనకు ధర్మోపన్యాసం చేయలేదు. ఆ రాత్రులలో మడి గట్టున దీపం పెట్టో, డబ్బా కొట్టో వాటిని తోలుకొనడంలో తప్పులేదన్నాము. విషపు గింజలు చల్లడం, వల పన్నడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరము. పైగా విషపు గింజను నెమలి తింటుంది, మన కోడీ తింటుంది. నష్టపోయినవారు వ్రాతమూలకంగా అటవీశాఖ కార్యాలయంలో తెలుపుకోవడం మంచిది. కూలికి పని చూపి కరువును ఈదించిన పట్టణమిది. పక్షిని కాపాడే భారం ఒక్క చిన్నరైతు వీపుమీద వేసి, మిగతావారం దుర్భిణితో చూచి సంతోషించడం న్యాయం కాదు.

మన చేతిలో ఉన్నవి

ఉత్తర ధ్రువపు మంచును మెదక్ నుండి ఆపలేము. అది పెద్ద దేశముల పొగగొట్టముల లెక్క. అయితే వలసపక్షికి ఇండ్లు రెండు. ఒకటి పాడవుతున్నప్పుడు రెండవది బాగుండటం దానికి ప్రాణాధారం. అక్కడ బక్కచిక్కి వచ్చిన పిట్ట ఇక్కడ చలికాలమంతా కడుపునిండ తిని, కొవ్వు పట్టించుకొని తిరిగిపోతేనే మరల గుడ్లు పెట్టగలదు. దేశంలోని పక్షులను గురించి 2023లో వెలువడిన నివేదికలో, దూరదేశములనుండి వచ్చే వలసపక్షులే ఎక్కువగా తగ్గిపోతున్నవని తేలింది. 30 దేశముల మీదుగా పోయే ఈ మధ్య ఆసియా మార్గంలోని పక్షులను కాపాడటానికి 2024 ఫిబ్రవరిలో సమర్కండులో ఒక ఒప్పందపు చొరవకు అంగీకారం కుదిరింది. దాని సమన్వయ కేంద్రం మన దేశంలోనే. ఆ కాగితం నిలబడేది మాత్రం పోచారం వంటి చెరువుల ఒడ్డుననే.

క్రిస్మసుకు, నూతన సంవత్సరానికి మెదక్ వచ్చే కుటుంబములు అనేకం పోచారం కట్ట దగ్గర భోజనాలకు ఆగుతాయి. పక్షులు నిండుగా ఉండేది కూడా అప్పుడే. పాటల పెట్టెలు నీటి దగ్గర మ్రోగించకుండా, ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్ళు మూటగట్టి వెనక్కు తీసుకుపోతే అదే పెద్ద మేలు. మీ ఊరి చెరువు శిఖంలో మట్టి నింపుతుంటే గ్రామసభలో నోరు విప్పండి. ప్రతి జనవరిలోనూ నీటి పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశంలో 1987 నుండి జరుగుతున్న ఆ పనిలో బడిపిల్లలు కూడా చేరవచ్చును. చనిపోయిన పక్షి కాలికి లోహపు ఉంగరం కనిపిస్తే పారవేయకండి. దానిమీద ఉన్న అంకెను వ్రాసి, ఆ ఉంగరం మీది చిరునామాకే ఒక ఉత్తరం వేయండి. ముంబాయిలోని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు అలాంటి ఉంగరములనుబట్టే పక్షుల దారిని తెలుసుకొంటారు. జబ్బుతో పడివున్న పక్షిని మాత్రం చేతితో ముట్టక అటవీశాఖ వారికి చెప్పండి.

వెళ్ళదలచినవారు డిసెంబరు నుండి ఫిబ్రవరి లోపల, సూర్యుడు పొడవకముందే చెరువు చేరండి. మెదక్ నుండి ఎల్లారెడ్డి బస్సు దొరుకుతుంది. ముదురు రంగు బట్టలు కట్టుకొని, కట్టమీదనుండే మౌనంగా చూడండి. బురద అంచున పిచ్చుకంత పిట్ట ఒకటి తలయెత్తకుండా మేస్తూ కనిపిస్తే, అది ఎంత దూరంనుండి వచ్చిందో మీ పిల్లలకు చెప్పండి. ఎండలు ముదిరితే అది ఉండదు.